మా బావ భుజం నొప్పి

దయ్యాలనీ గాలి సోకడమనీ ఎవరైనా మొదలుపెడితే నాకు చిరాకు. సోమందేపల్లెలో మా ఇంటి వెనకే శ్మశానం. పెళ్లయినప్పటి నుంచి దాని గోడ మీదే బట్టలు ఆరేస్తున్నాను. ఇంతవరకూ ఒక్క రవిక కూడా పోలేదు. అలాంటి నేను ఇది రాయాల్సి వస్తోంది.

మా ఆయన ఓబులేసు గొర్రెల మధ్యే పెరిగాడు. పోయిన ఏడాది డొక్కలో బరువుగా ఉందంటే స్కాన్ తీయించాం. కాలేయంలో నీటితిత్తి ఉందన్నారు. మంద దగ్గర తిరిగే కుక్కల నుంచి వచ్చే పురుగు వల్లట.

బెంగళూరులో డాక్టరు, కాలేయంలో ఎడమవైపు ముక్కతో సహా దాన్ని తీసేయాలన్నాడు. పొట్ట పెద్దగా కోయరట. గ్యాస్‌తో ఉబ్బించి, చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాలో చూస్తూ చేస్తారట. లోపల తిత్తి పగిలితే మాత్రం ప్రాణానికే ప్రమాదమన్నాడు. 

మడకశిర దగ్గర ఊళ్లో ఉండే మా బావ నర్సింహులుకు ఈ సంగతి చెప్పలేదు. ఆయన మా ఆయనకు సొంత అన్నే. కానీ మంద పంచుకున్నప్పటి గొడవతో ఇద్దరికీ మాటల్లేవు. చెబితే ఆసుపత్రికొచ్చి అక్కడా పంచాయితీ పెడతాడని మా ఆయనే వద్దన్నాడు. బంధువుల్లో ఇంకెవరికీ చెప్పలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున మా ఆయన్ను లోపలికి తీసుకుపోయాక బయట కూర్చున్నాను. కొంతసేపటికి బావ భార్య లక్ష్మక్క ఫోన్. ఎత్తలేదు. మళ్లీ మళ్లీ చేసింది. విసుగొచ్చి ఎత్తాను.

"మీ బావ గొర్రెల కాడ పడిపోయినాడు సుజాతా. పొట్ట ఉబ్బి డోలు మాదిరి ఉండాది. పొద్దున ఏమీ తినల్యా. ఏం చేయాలో తెలుస్తాలేదు" అంది.

లోపల నా మొగుడి కాలేయం కోస్తుంటే మధ్యలో ఈయన కడుపుబ్బరం ఒకటి. ఊళ్లో డాక్టరుకు చూపించమని చెప్పి పెట్టేశాను.

మధ్యాహ్నం డాక్టరు బయటికొచ్చి, తిత్తి పగలకుండా ముక్కతో సహా వచ్చేసిందని చెప్పాడు.  సరిగ్గా అప్పుడే మళ్లీ లక్ష్మక్క. పొట్ట దానంతటదే తగ్గిందట. ఇప్పుడు కుడి భుజం మీద ఒకటే పోటట, చెయ్యి లేవడం లేదట. గుండె అనుకుని ఈసీజీ తీస్తే అదీ బాగానే ఉందట. కడుపుకీ భుజానికీ సంబంధమేంటి, ఈ మనిషికి పూటకో రోగమా అని విసుక్కున్నాను.

మర్నాడు రౌండ్స్‌కొచ్చిన డాక్టరు మా ఆయన్ను మొదట అడిగింది భుజం గురించే. లోపల మిగిలిన గ్యాస్ వల్ల ఈ ఆపరేషన్ అయిన చాలామందికి భుజం మీద నొప్పి వస్తుందట. అది కూడా ఎక్కువగా కుడివైపేనట.

మా ఆయన మెల్లగా చెయ్యెత్తి చూపించాడు. కుట్ల దగ్గర మంట తప్ప భుజంలో ఏమీ లేదన్నాడు. అదృష్టవంతుడివని డాక్టరు నవ్వాడు. నేను ఫోన్ తీసి లక్ష్మక్క ఎప్పుడెప్పుడు చేసిందో చూసుకున్నాను.

ఇంటికొచ్చాక లక్ష్మక్క చెప్పిందంతా మా ఆయనకు చెప్పాను.  తర్వాత తానే అన్నకు ఫోన్ చేశాడు. ఆపరేషన్ ఏ రోజు జరిగిందీ, ఎలా చేశారూ అన్నీ చెప్పాడు. స్పీకర్లో గొర్రెల అరుపులు వినిపిస్తున్నాయి.

"ఏమప్పా, ఒక మాట చెప్పకూడదా" అన్నాడు బావ. "చెప్పింటే ఆ పొద్దు మందకు పోకుండా ఇంట్లోనే పండుకుండేవాన్ని గదా."

అంతే. ఆయనకు ఆశ్చర్యమూ లేదు, కోపమూ లేదు. మా ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు.

నేను వదల్లేదు. ముందురోజు ఏం తిన్నదీ, అలాంటిది ఇంతకుముందు వచ్చిందా అన్నదీ బావను గుచ్చిగుచ్చి అడిగాను. ఎప్పుడూ తినేదే తిన్నాడట. అలాంటి నొప్పి ముందూ రాలేదట, తర్వాతా రాలేదట. చెకప్‌కు పోయినప్పుడు డాక్టర్నీ అడిగాను. కాకతాళీయం అన్నాడు. సరే, అలాగే అనుకుందామని చాలాసార్లు ప్రయత్నించాను.

లక్ష్మక్క మాత్రం కనిపించిన వాళ్లందరికీ ఈ కథ చెప్పి, నిజమా కాదా సుజాతను అడగండి అంటోంది. వాళ్లు వచ్చి అడుగుతున్నారు. దయ్యాలంటే చిరాకుపడే నేనే, నిజమేనంటున్నాను.