రెండు రోజుల కింది నుంచి చెప్పు

నిడమనూరు దాటగానే బస్సు కిటికీలోంచి పొగ వాసన గుప్పుమంది. వరి కోసిన పొలాల్లో ఎవరో కొయ్యకాళ్ళకు నిప్పు పెట్టినట్టున్నారు. గబగబా అద్దం మూసి తువ్వాలు ముక్కుకు చుట్టుకున్నాను. పక్క సీటాయన నన్ను ఎగాదిగా చూసి, "పొలం వాసన గూడ పడదా అన్నా నీకు?" అన్నాడు. "నాకు పడ్తది. మా ఆఫీసర్ ఒప్పుకోదు" అన్నాను. ఆయన నన్ను ఏ కలెక్టరాఫీసు బంట్రోతో అనుకొని ఉంటాడు. నేను చెప్పిన ఆఫీసరుకు సంతకం పెట్టడం రాదు. పేరు సోమక్క.

ఎనిమిదో తరగతిలో లెక్కల సారు నన్ను బయట నిలబడమన్నారు. గంట కొట్టినా మళ్ళీ పిలవలేదు. నేనూ మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. ఇద్దరం మాట మీద నిలబడ్డాం. తిరిగి తిరిగి, మీసాలు వచ్చాక మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో బస్తాలు మోసే పనికి కుదిరాను. అక్కడ ఊడ్చే ఆడవాళ్ళకూ, బస్తా మూతులు కుట్టేవాళ్ళకూ సోమక్క పెద్ద. సన్నగా, పొట్టిగా ఉండేది. ముప్పై ఏళ్ళు దాటాక ఆమెకు ఆస్తమా పట్టుకుంది. ఒకసారి ఊపిరి పూర్తిగా కట్టుకుపోయి ఐసీయూ దాకా వెళ్ళి తిరిగొచ్చింది. ఒక్కసారి అక్కడిదాకా పోయినవాళ్ళు మిగతావాళ్ళకన్నా ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని డాక్టరు చెప్పారట. అప్పటినుంచి తన ఊపిరినే కాదు, మిల్లులో అందరి ఊపిరినీ కాపలా కాసేది.

నేల ఊడ్చేముందు తడిపిన ఊక చల్లించి, దాంతో కలిపి ఊడ్పించేది. దుమ్ము లేవదు. "ఊకకు స్నానం చేపిస్తున్నవా అక్కా, సబ్బు తేవాల్నా?" అనేవాడిని. "ముందు నువ్వు చెయ్‌రా, తర్వాత ఊక సంగతి సూద్దం" అనేది. నవ్వేది కాదు. నా జోకులకు నవ్వని మనిషి ఆ మిల్లులో ఆమె ఒక్కతే. నాకది పెద్ద పరువు సమస్య.

ఒకసారి తుంగతుర్తి నుంచి వడ్లు తెచ్చిన లారీ డ్రైవరు దిగీ దిగగానే ఎగశ్వాసతో స్టెప్పు మీద కూలబడ్డాడు. జేబులోంచి నీలం ఇన్‌హేలర్ పంపు తీసి పీల్చుకుంటే కాస్త కుదుటపడింది. దుమ్మే, వడ్ల దుమ్మే అని అందరం తీర్మానించాం. సోమక్క అతని ముందు గొంతుక్కూర్చుంది.

"అయ్యా, ఇయ్యాలది గాదు. రెండు రోజుల కింది నుంచి చెప్పు. యాడ తిన్నవ్, యాడ పండినవ్, పక్కన ఎవరేం ముట్టిచ్చిన్రు?"

"అక్కా, పోలీస్ టేషన్ల గూడ గిన్ని అడగరు" అన్నాను నేను.

"నువ్వు జర నోర్ముయ్."

తిట్టుకుంటూనే అతను చెప్పాడు. రెండు రోజులుగా మిల్లు గేటు బయట లారీల వరుసలో ఆగి, లోడు దిగక క్యాబిన్‌లోనే పడుకున్నాడు. దోమలకు కాయిల్ వెలిగించాడు. అద్దాలు తెరిస్తే దోమలొస్తాయని మూసేశాడు. సోమక్క లారీ ఎక్కి, సీటు కింద నుంచి బూడిద నిండిన రేకు మూత తెచ్చి అతని చేతిలో పెట్టింది. దోషి దుమ్ము కాదు, మూసిన క్యాబిన్‌లో కాయిల్ పొగ.

తర్వాత నా వంతు వచ్చింది. ముప్పై మూడో ఏట నాకూ పిల్లికూతలు మొదలయ్యాయి. డాక్టరు రెండు పంపులు ఇచ్చాడు. రోజూ పీల్చేది ఒకటి, ఆయాసం వచ్చినప్పుడు పీల్చే నీలంది ఒకటి. కొన్నాళ్ళకు ఒళ్ళు హాయిగా అయింది. హాయిగా ఉన్నవాడికి మందెందుకని రోజూ పీల్చేది మానేశాను. నీలంది మాత్రం నడుముకు దోపుకొని, బస్తాల చాటుకు వెళ్ళి పీల్చేవాడిని. పంపు పీల్చేవాడికి బరువు మోసే పని ఇవ్వరని మాలో ఒక భయం. అందుకే అందరం దాస్తాం. పని పోతే ఇల్లెట్లా గడుస్తుందన్నదొక్కటే నాకు కనిపించింది. ప్రాణం పోతే కూడా పని పోతుందని నా తెలివికి తట్టలేదు.

ఆ ఏడు వానాకాలం పంట మిల్లుకు వచ్చే రోజులు. చాయ్ తాగుతూ, నేనెప్పుడూ చెప్పే పాలకీడు పెళ్ళికొడుకు కథ చెబుతున్నాను. అందరూ పడీపడీ నవ్వుతున్నారు. సోమక్క కుట్టే సూది బస్తాలో గుచ్చి లేచింది.

"శీనుగా, నీ జోకులు పొట్టిగైనయ్."

"పెద్దోన్నయిన గద అక్కా, పొదుపు..."

"గాదు. పోయిన నెల గీ కథ ఒక్క దమ్ముల చెప్పినవ్. ఇయ్యాల నాలుగు తాన్ల ఆగినవ్. అందరు నవ్వుతరని ఆగినవనుకున్నరు. నడువ్, దవాఖానకు పోదాం."

నేను నవ్వబోయాను. నవ్వుకు ఊపిరి చాలలేదు. అప్పుడు భయమేసింది.

ఊళ్ళోనే ఆమెను చూసే డాక్టరు దగ్గరికి ఆటోలో తీసుకెళ్ళింది. ముందు ముక్కుకు మాస్కు పెట్టి మందు పట్టారు. ఊపిరి కొంచెం దారికొచ్చాక డాక్టరు, "ఎందుకు పెరిగింది?" అని అడిగాడు. "దుమ్ము సార్" అన్నాను.

"దుమ్ము పదేండ్ల సంది ఉన్నది సార్" అంది సోమక్క. "దుమ్ముకు కొత్తగ ఏమొచ్చింది? కొత్తగైనయి నేను చెప్త. దసరా సంది రోజు పీల్చేది బంద్ పెట్టిండు. బస్తాల సందుల ఆ పంపు మందుతోనే పారేసి ఉన్నది. నీలంది ఒక్క నెలల రెండు ఖతం చేసిండు. వారం కింద సర్ది పట్టింది. సర్దిల గూడ బీడీ తాగిండు. నడుం నొస్తున్నదని మూడు రోజుల సంది నొప్పుల గోళీలేస్తున్నడు. అవి ఏసినంక రెండు గంటలకు దమ్ము ఎక్కువైతున్నది. నేను సూసిన."

డాక్టరు రాస్తున్న కలం ఆపాడు. బస్తాలు మోసే మేమందరం సాయంత్రం చాయ్‌తో పాటు ఆ గోళీ వేసుకుంటాం. అది మాకు చక్కెర లాంటిది. దాని మీద ఎవరికి అనుమానం వస్తుంది? కొందరు ఆస్తమా వాళ్ళకు ఆ రకం గోళీలు పడవనీ, ఊపిరి బిగిసిపోతుందనీ, నన్ను ఇక వాటిని ముట్టొద్దనీ ఆయన చెప్పాడు. నీలం పంపు అంత తొందరగా అయిపోతోందంటే అది మందు కాదు, ప్రమాద ఘంటిక అన్నాడు. తర్వాత ఆమెవైపు తిరిగి, "ఏం చదువుకున్నావమ్మా?" అని అడిగాడు.

"బస్తా మీది పేరు గూడ సదువరాదు సార్. సూస్త, అంతే."

మా మిల్లు గోడలు ఎంత ఎత్తో అంత ఎత్తున కనిపించింది ఆ పొట్టి మనిషి. నేను బస్తాల చాటుకు వెళ్ళిన ప్రతిసారీ ఎవరూ చూడలేదనుకున్నాను. ఆమె చూసింది. పదిమందిలో నా గుట్టు బయటపెట్టలేదు, ప్రాణం మీదికి వచ్చేదాకా. వచ్చాక మాత్రం ఒక్క నిమిషం ఆగలేదు. తర్వాత మిల్లు సేటుతో మాట్లాడి నన్ను మోత నుంచి తూకం కాటా దగ్గరికి మార్పించింది కూడా ఆమే. "వీని నోరు పన్జేస్తది సేటూ, నడుమెందుకు?" అందట.

సోమక్క పోయి మూడేళ్ళయింది. ఆస్తమాతో కాదు, నిద్రలో, నెమ్మదిగా. నేనిప్పుడు కోదాడలో ఒక మిల్లులో సూపర్‌వైజర్ని. ఒంట్లో బాగున్న రోజు కూడా పొద్దున్నే పంపు పీల్చి, నోరు పుక్కిలించాకే పనిలోకి దిగుతాను. అదీ అందరిముందు.

మొన్న కొత్తగా చేరిన ఒక హమాలీ బస్తాల చాటునుంచి మూతి తుడుచుకుంటూ వచ్చాడు. పిలిచి బల్ల మీద కూర్చోబెట్టాను. "పని తీసేస్తారాండీ?" అన్నాడు బిక్కమొహంతో.

"తియ్యను. రెండు రోజుల కింది నుంచి చెప్పు."

"ఏటండీ, పోలీసోళ్ళ లాగా?"

నాలుక చివరికి మంచి జోకొకటి వచ్చింది. మింగేసి, అతను చెప్పేది వింటూ కూర్చున్నాను.