జూలై నాలుగో తేదీ పేజీ

మొన్న ఆదివారం మా తోటికోడలు ఒక అట్టపెట్టె మోసుకొచ్చి మా వంటింటి గట్టు మీద పెట్టింది. పెర్త్‌లో కూతురికి దగ్గరగా ఉంటుందని, మరిదీ తనూ ఆ ఊళ్ళోనే ఉన్న పియారా వాటర్స్‌లో ఇల్లు కొనుక్కుని ఇక్కడ మెల్‌బోర్న్‌లో ఇల్లు ఖాళీ చేస్తున్నారు. ఆ సర్దుళ్ళలో బయటపడ్డ వాటిలో పారెయ్యడానికి చేతులు రానివన్నీ నాకు చేరుతున్నాయి. ఇడ్లీ రేకులు, మూత పోయిన ఫ్లాస్కు, వాటి అడుగున అంచులు అరిగిపోయిన నల్ల అట్ట పుస్తకం ఒకటి. "అక్కా, స్కోరు తాత బుక్ ఇది. రిటర్న్ చెయ్యడమే మర్చిపోయా చూడు ఇన్నేళ్ళూ. నువ్వుంచుకో, అవన్నీ గుర్తుండేది నీకే కదా" అంది. కాఫీ తాగి, కొత్తింటి వంటగది ఎంత పెద్దదో ఫోన్లో చూపించి వెళ్ళిపోయింది. ఆ పుస్తకం తెరవడానికి నాకు మూడు రోజులు పట్టింది.

మీలో నా వయసు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, రెండు వేల సంవత్సరం రాబోయే ముందు రోజుల్లో ఎవరి నోట విన్నా వై టూ కే మాటే. కంప్యూటర్లకి కొత్త శతాబ్దం వస్తే తేదీలు తెలియవట, విమానాలు పడిపోతాయట, బ్యాంకులు మూతపడతాయట. ఆ తేదీలు బాగుచెయ్యడానికి మన పిల్లలు దేశదేశాలకీ గుంపులుగా బయల్దేరారు. మావారు అంతకు చాలా ముందే ఫిట్టరు పని మీద ఇక్కడికి వచ్చి, ఒక యంత్రాల కర్మాగారంలో కుదురుకున్నారు. ఆయన వెనకాల ఏడో తరగతితో చదువాపేసిన నేనూ వచ్చాను. మా మరిదీ, తోటికోడలూ మాత్రం ఇద్దరూ కంప్యూటర్ల వాళ్ళు. ఇద్దరూ ఒకేసారి ఉద్యోగాలతో దిగి, ఏడాది పైచిలుకు మా ఇంట్లోనే, ముందుగదిలో ఉన్నారు.

చెప్పొద్దూ, నాకు ఆ పిల్లను చూస్తే ఒళ్ళు మండేది. నేను ఆరేళ్ళుగా బస్సులో వెళ్తున్న దారిని ఆమె వచ్చిన మూడో నెలలో సొంత కారులో వెళ్ళింది. నేను కూరగాయల కొట్టులో వేలు పెట్టి చూపించి కొనేదాన్ని, ఆమె కొట్టువాడితో నవ్వుతూ వాతావరణం గురించి మాట్లాడేది. మెడలో ఆఫీసు కార్డు వేలాడుతుంటే నాకు నా నల్లపూసలు కూడా వెలవెలబోయినట్టు కనిపించేవి. పోనీ పొగరా అంటే అదీ లేదు. అక్కా అక్కా అంటూ నా వెనకే తిరిగేది, అంట్లు తోమేది, నా ములక్కాడ పులుసుకి లొట్టలు వేసేది. వంక పెట్టడానికి చోటివ్వని మనిషిని చూసి కుళ్ళుకోవడమంత కష్టం ఇంకోటి లేదు. దాన్ని ఈర్ష్య అని ఒప్పుకునేదాన్ని కాదు లెండి, తలనొప్పి అనేదాన్ని.

అయితే నాకంటూ ఒక్క చోటుండేది. మా పెరటి కంచె అవతలే బేస్‌బాల్ మైదానం. బేస్‌బాల్ అంటే మన క్రికెట్‌కి దూరపు చుట్టం అనుకోండి. ఈ రాష్ట్రంలో దాన్ని చలికాలంలో, అంటే ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఆడతారు. మేమా ఇంట్లో చేరిన మొదటి ఏడే ఒక బంతి కంచె దాటి వచ్చి నా చిక్కుడు పందిరిని కూల్చేసింది. క్షమాపణ చెప్పడానికి ఒక పెద్దాయన టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. అమెరికాలో పుట్టి, వయసులో ఉండగా పని మీద ఇక్కడికొచ్చి, ఇక్కడి పిల్లను చేసుకుని ఉండిపోయిన మనిషి. భార్య పోయింది. ఆ మైదానంలో ఆదివారాలు స్కోరు రాయడం ఆయన పని, అందుకని మా ఇంట్లో స్కోరు తాత అనేవాళ్ళం. పందిరి సంగతి వదిలెయ్యమని అల్లం టీ ఇచ్చాను. ఆ టీ రుచి మరిగి, ఆటల రోజు క్యాంటీన్‌లో సాయానికి నన్నే పిలిచాడు. అలా ప్రతి ఆదివారం నేను ఆ క్యాంటీన్ కిటికీలో నిలబడి చిప్స్ వేయించేదాన్ని, టీ కాచేదాన్ని.

ఆయన దగ్గర ఈ నల్ల పుస్తకం ఉండేది. ఏడాదిలోని ప్రతి తేదీకీ ఒక పేజీ. ఆ తేదీన ఏ సంవత్సరంలోనైనా సరే, అమెరికా పెద్ద జట్ల ఆటల్లో జరిగిన విశేషాలు అందులో చిన్న చిన్న అక్షరాలతో రాసుకున్నాడు. ఆట మధ్యలో విరామం ఇచ్చినప్పుడు ఆ రోజు పేజీని మైకులో చదవడం అక్కడ ఆనవాయితీ. కానీ ఆ పేజీ మైకు కంటే ముందు నా కిటికీ దగ్గరికి వచ్చేది. పొద్దున్నే టీ పట్టుకుని నిలబడి ఆ కథ నాకు నెమ్మదిగా, చేతులు తిప్పుతూ చెప్పేవాడు. నా ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా కథ కథే కదా, సగం మాటల్లోంచీ సగం చేతుల్లోంచీ పట్టుకునేదాన్ని. మా వంశంలో ఎవరు ఏ తిథిన పుట్టారో, ఎవరి పెళ్ళిలో సాంబారు పాచిపోయిందో అన్నీ చెప్పగల బుర్ర నాది. ఆ బుర్రలోకి బేస్‌బాల్ తేదీలు కూడా చేరిపోయాయి. పై ఏడు అదే తేదీ వచ్చినప్పుడు ఆయన మొదలుపెడితే నేను ముగించేదాన్ని. ఆయన టోపీ తీసి నవ్వేవాడు. చదువుకున్న మనిషి నన్ను చూసి టోపీ తీయడం నా జన్మలో అదే.

అన్నిట్లోకీ జూలై నాలుగు పేజీ మాకిద్దరికీ ఇష్టం. ఒక ఏడు ఆ రోజు మొదలైన ఆట వానతో ఆగుతూ, సమంగా తేలుతూ తెల్లవారుజాము దాకా సాగిందట. జన్మలో బ్యాట్ పట్టడం చేతకాని ఒక బౌలరు చివరాఖరికి బంతిని మైదానం అవతలికి కొట్టాడట. అంతా అయ్యాక, ప్రకటించాం కదా అని ఆ వేళప్పుడు బాణసంచా కాల్చారట; ఊరి మీద బాంబులు పడుతున్నాయని చుట్టుపక్కల వాళ్ళు పోలీసులకి ఫోన్లు చేశారట! ఇది నవ్వుకోవడానికి. అదే తేదీన, చాలా ఏళ్ళ ముందు, ఒళ్ళు స్వాధీనం తప్పుతున్న ఒక గొప్ప ఆటగాడు మైదానం మధ్యలో నిలబడి, నిండిన జనం ముందు, తనంత అదృష్టవంతుడు భూమ్మీద లేడని చెప్పి ఆట నుంచి సెలవు తీసుకున్నాడు. ఇది చెప్పేటప్పుడు తాత కప్పు కింద పెట్టేవాడు.

మరిది వాళ్ళు మా ఇంట్లో ఉన్న ఆ ఏడు తాత గొంతు బొంగురుపోయింది. సరిగ్గా అప్పుడే ఒక ఆదివారం మా తోటికోడలు నేను ఇంట్లో మరచిపోయిన నూనె డబ్బా తెచ్చి ఇవ్వడానికి వచ్చి, ఆయనతో మాటల్లో పడింది. ఇంకేముంది! ఇంత మంచి పుస్తకం కంప్యూటర్లో పెట్టకపోతే ఎలాగంది. ఏ తేదీ నొక్కితే ఆ పేజీ వచ్చేట్టు చేస్తానంది. ఆయన మురిసిపోయి పుస్తకం ఆమె చేతిలో పెట్టాడు. నా కళ్ళ ముందే. ఆ మరుసటి వారం గొంతు పెగలక మైకు కూడా ఆమెకే ఇచ్చాడు. పుస్తకం చూసి ఆమె చదువుతుంటే, నిజం చెప్పాలి కదా, గంట మోగినట్టుండేది.

ఇంటికొచ్చి గిన్నెలు ఎత్తేసి కుదేసి నేను చప్పుడు చేస్తుంటే మావారు వార్తాపత్రిక దించకుండానే అన్నారు, "నీకిస్తే బాగుండేదా మైకు? నువ్వు మొదలెడితే ఆ ఆటగాళ్ళ ముత్తాత పెళ్ళి దగ్గర్నుంచి చెప్తావ్. ఆట ఎల్లుండికి గానీ అవదు." మరిది పకపకా నవ్వాడు. తోటికోడలు మాత్రం నవ్వలేదు. నవ్వినా బాగుండేది, కోపగించుకోవడానికి.

జూన్ చివరి ఆదివారం తాత నా కిటికీ దగ్గరికి వచ్చి, నాకొక్కదానికే ఒక మాట చెప్పాడు. గొంతులో ఉన్నది మంచి జబ్బు కాదట. కోత తప్పదట, తరవాత మాట ఉంటుందో లేదో తెలియదట. దూరాన ఉన్న కూతురు వచ్చి తీసుకెళ్ళిపోతుందట. వచ్చే ఆదివారం జూలై నాలుగు కదా, ఆ సెలవు పేజీ మన మైదానంలో గట్టిగా, బాగా చదివితే వినాలని ఉంది, దాంతో నేనూ అందరికీ సెలవు చెప్పినట్టవుతుంది అన్నాడు. వేరే ఎవరితోనూ అనవద్దన్నాడు, జాలి పడతారని.

శనివారం మధ్యాహ్నం నేను బెండకాయలు తరుగుతుంటే మా తోటికోడలు అప్పుడే ప్రింట్ తీసిన కాగితం పట్టుకుని భోజనాల బల్ల దగ్గర నిలబడింది. పుస్తకమంతా ఎక్కించడం ఆ వారమే ముగించింది. ఇక పుస్తకంతో పని లేదని, తొలిసారి కంప్యూటర్ కాగితంతోనే చదవబోతోంది. "అక్కా, ఒక్కసారి విను, ఫ్లో బాగుందో లేదో చెప్పు" అని మొదలుపెట్టింది. ఎక్కడో చలిదేశంలో, మంచు కురుస్తుండగా, ఒక కొత్త జట్టు తన మొట్టమొదటి ఆట ఆడిందట.

నా కత్తి ఆగింది. ఆ మంచు కథ నాకు తెలుసు. అది ఏప్రిల్ మొదట్లోది. సీజను మొదలయ్యేటప్పుడు, చలికి చేతులు రుద్దుకుంటూ తాత చెప్పేది. జూలై నాలుగుకీ దానికీ సంబంధం లేదు. ఇది కాదమ్మాయ్ అనడానికి ఒక్క క్షణం పట్టేది. పుస్తకం మూడడుగుల దూరంలో, ఆమె కంప్యూటర్ పక్కనే ఉంది. కానీ నా లోపల ఇంకో మాట లేచింది: అన్నీ తెలిసిన దానివి కదా, చదువు, అందరి ముందూ చదువు. "బాగుంది" అన్నాను. నా గొంతు ఎంత తియ్యగా ఉందో నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

మర్నాడు జల్లు పడుతోంది. విరామంలో మైకు గరగరలాడి, ఆమె గొంతు మైదానమంతా పరుచుకుంది. నేను పరాభవం కోసం ఎదురుచూస్తూ కిటికీలోంచి తల బయటికి పెట్టాను. ఏం జరిగిందనుకున్నారు? అందరూ నవ్వారు. మంచులో ఆట అనగానే, బురదలో వణుకుతున్న మా ఆటగాళ్ళు మాది కూడా అదే గతి అని కేకలేశారు, ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు. తేదీ ఎవడికి గుర్తు? ఆమె ముఖం వెలిగిపోయింది. స్కోరు బల్ల దగ్గర తాత ఒక్కడే చేతిలో పెన్సిలు కింద పెట్టి, ఇంకా ఏదో ఉంటుందన్నట్టు మైకు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఏమీ లేదు. ఆట మళ్ళీ మొదలైంది.

ఆట అయ్యాక నా కిటికీ దగ్గరికి వచ్చాడు. టీ ఇచ్చాను. పిల్ల చక్కగా చదివింది అన్నాడు, అంతే. ఆ బొంగురు గొంతుతో ఆయన ఆమెను మెచ్చుకుంటుంటే నాకు ఏడుపు ముంచుకొచ్చి, వచ్చీరాని ఇంగ్లీషులో నేనే మొదలుపెట్టాను. వాన, బాణసంచా, పోలీసులు, ఆ తరవాత మైదానం మధ్యలో నిలబడిన ఆ మనిషి, నిండిన జనం, ఆయన అదృష్టం. నూనె వాసన మధ్య, ఒక్క శ్రోతకి. తాత టోపీ తీసి అంతా విన్నాడు. తరవాత నా చెయ్యి మీద చెయ్యి వేసి, పొరపాటు జరిగిందని ఆమెకు చెప్పకు, బాధపడుతుంది, నువ్వు మంచిదానివి, దాచగలవు అన్నాడు.

ఆయన అనుకున్న మంచితనం ఏదో, నేను దాచినది ఏదో!

పది రోజులకి కూతురు వచ్చి తీసుకెళ్ళిపోయింది. ఆ తరవాతి ఏడు ఆమె దగ్గర్నుంచి కార్డు వచ్చింది, ఆయన పోయాడని. దాన్ని చదివి చెప్పింది కూడా మా తోటికోడలే. చదువుతూ భోరుమని ఏడ్చింది. ఆ ఏడుపు చూసి కూడా నేను అసూయపడ్డాను. అంత శుభ్రంగా ఏడ్చే వీలు నాకు లేకపోయింది.

ఇన్నేళ్ళూ నాకున్న ఊరట ఒక్కటే: తప్పు ఆమెది, అజాగ్రత్త ఆమెది, నేను చెప్పలేదంతే. మూడు రోజులు తచ్చాడి మొన్న బుధవారం కళ్ళద్దాలు పెట్టుకుని పుస్తకం తెరిచాను. సెలవు పేజీ పైన ఆయన చేతిరాతతో ముందు ఏడు, తరవాత నాలుగు ఉన్నాయి. మంచు పేజీ పైన ముందు నాలుగు, తరవాత ఏడు. అమెరికా వాళ్ళు నెల ముందు రాస్తారట, మనమూ ఇక్కడివాళ్ళూ రోజు ముందు రాస్తాం. ఆయన పుట్టిన దేశపు అలవాటును ఎన్నేళ్ళున్నా మానుకోలేదు. ఆమె ఉన్నది ఉన్నట్టు ఎక్కించింది, కంప్యూటర్ ఇక్కడి లెక్కలో రోజు ముందు చదువుకుని ఏప్రిల్ ఏడుని జూలై నాలుగు చేసింది. లోకంలో తేదీలన్నీ బాగుచేసేవాళ్ళు ఇద్దరు మా ఇంట్లో అన్నం తింటూ ఉండగానే మా ఇంటి తేదీ తారుమారైంది. అజాగ్రత్త ఎవరిదీ కాదు. ఇక ఆ రోజు జరిగిన దానిలో తప్పంటూ మిగిలింది నాదొక్కటే.

ఇప్పుడు మా మనవరాలు ఫోన్‌ని అడిగితే ఏ తేదీన ఎక్కడేం జరిగిందో చిటికెలో చెప్తుంది. గుర్తు పెట్టుకునే వాళ్ళతో పని లేదు, టీ తాగుతూ నిలబడి చెప్పేవాళ్ళతో అసలే లేదు. మొన్న కాఫీ తాగుతూ మా తోటికోడలు అంది, "ఆ జూలైలో మంచు స్టోరీ చదివినప్పుడు అందరూ క్లాప్స్ కొట్టారు చూడు అక్కా, ఈ కంట్రీ నాది అనిపించింది ఆ రోజే ఫస్ట్." జ్ఞాపకశక్తి నాది గానీ మంచి జ్ఞాపకం ఆమెకే దక్కింది. దానికీ కుళ్ళుకున్నాను, ఈ వయసులో.

ఒకే కప్పు కింద, ఒకే బల్ల దగ్గర ఉన్నప్పుడు అనలేని మాట, రేపటి నుంచి దేశానికి ఆ కొసనున్న మనిషితో, గడియారంలో రెండు గంటల తేడాతో, ఎలా అంటాను? పుస్తకం మళ్ళీ ఆమె సామాన్లలోనే పెట్టి పంపిస్తున్నాను, ఆ సెలవు పేజీలో ఒక కాగితం ముక్క పెట్టి. వచ్చే జూలై నాలుగున ఫోన్ చేసి, ఆ పేజీ ఒక్కసారి గట్టిగా చదవమని అడుగుతాను. చదువుతూ చదువుతూ, మంచు ఏదీ అని ఆమెకే అనుమానం వస్తుంది. ఆనాడు బెండకాయలు తరుగుతూ బాగుందన్న ఈ అక్కకి ఎందుకు గుర్తు రాలేదని కూడా వస్తుంది. రానీ. ఏమాటకామాటే, ఆ పేజీ చదవడానికి గొంతు ఆమెదే బాగుంటుంది.