గడ్డం మీద మూడు చుక్కలు

2019 ఎండాకాలం. ఆత్మకూరు బస్టాండుకు నాలుగడుగుల దూరంలో నా స్టూడియో. అప్పుడే కొత్త లైట్లు కొని హై-కీ ఫోటోలు మొదలుపెట్టాను. హై-కీ అంటే వెనకా ముందూ అంతా తెల్లగా, నీడలు దాదాపు లేకుండా తీసే పోర్ట్రెయిట్. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, వచ్చినవాళ్ళందర్నీ ఆ తెల్ల తెర ముందే కూర్చోబెట్టేవాణ్ణి.

సీతారామపురం వైపు నుంచి సుజాత అనే అమ్మాయి వాళ్ళ అవ్వను తీసుకొచ్చింది. నరసమ్మవ్వకు డెబ్బై దాటి ఉంటాయి. గొర్రెల వెంట తిరిగి ఎండకు కాగిన నల్లటి మొహం.

"ఆధార్ కార్డులో తప్ప అవ్వకు ఫోటోనే లేదన్నా. గోడకు పెట్టుకోవాల. కొంచెం తెల్లగా వచ్చేటట్టు తీయి," అంది సుజాత.

మా వైపు ఫోటో బాగుందంటే తెల్లగా ఉందనే అర్థం. నాకు అంత మాట చాలు. ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి వదిలే వెలుతురు, రెండు స్టాపులు పెంచాను. ఒక్కో స్టాపుకూ వెలుతురు రెట్టింపవుతుంది. అది చాలదన్నట్టు కంప్యూటర్లో ముడతలన్నీ నున్నగా చేశాను. తీసేటప్పుడే అవ్వ తెర వైపు చూసి, "ఇంత తెలుపేందిరా, పిండిమరలో కూర్చోబెట్టినట్టు," అంది. నవ్వి ఊరుకున్నాను.

సుజాత ఫోటో చూసి మురిసిపోయింది. వారం తర్వాత అవ్వ ఒక్కతే వచ్చింది, ఉదయగిరిలో బస్సు మారి, ఫ్రేమును తువ్వాల్లో చుట్టుకుని. దాన్ని బల్ల మీద పెట్టింది.

"ఈమె ఎవురబ్బయ్యా?"

"నువ్వే గదవ్వా."

"నేనైతే నా చుక్కలేవి?"

అప్పుడు చూశాను. ఆమె గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలున్నాయి. ఫోటోలో లేవు. గంటసేపు ఆ మొహం మీద పని చేసినవాణ్ణి, అంతవరకూ వాటిని చూడనేలేదు.

"మా అక్కా నేనూ ఒకే దినం పొడిపించుకున్నాము," అంది అవ్వ. "ఇద్దరిదీ ఒకటే అచ్చు. అది చచ్చిపోయి ఇరవై ఏండ్లయింది. దానికి ఫోటోనే లేదు. దాని కొడుకులు నా మొహం జూసే వాళ్ళమ్మను తల్చుకుంటారు. నేను పోయినాక ఎవుర్ని జూడాల వాళ్ళు?"

గబగబా కంప్యూటర్లో అసలు ఫోటో తెరిచి వెలుతురు తగ్గించాను. ఆ చోట బూడిద రంగు తేలింది, అంతే. వెలుతురు ఎక్కువై మాడిపోయిన చోట కెమెరా ఏమీ దాచుకోదు. నాకు చాలా సిగ్గేసింది.

"మళ్ళీ కూర్చో అవ్వా," అన్నాను.

తెల్ల తెర అలాగే ఉంచాను. తెర మీది లైట్లు వేరు, మొహం మీది లైటు వేరు అన్న మొదటి పాఠం అప్పుడు గుర్తొచ్చింది. మొహం లైటు తగ్గించి పక్కకు జరిపాను. స్పాట్ మీటరింగ్ పెట్టి, అంటే ఒక్క చోటి వెలుతురే కొలిచే పద్ధతిలో, ఆమె చెంపను కొలిచాను. తెర ఎంత తెల్లగా ఉన్నా, ఆమె నలుపు ఆమెకు ఉండాలి. తీసిన ప్రతి ఫోటోలోనూ ముందు గడ్డమే పెద్దది చేసి చూసుకున్నాను. ముడతల జోలికి పోలేదు.

ప్రింటు చేతికిస్తే అవ్వ దాన్ని వాకిలి వెలుతురుకు తిప్పి చూసుకుంది. తర్వాత ఆ మూడు చుక్కల మీద వేలు పెట్టి, "వచ్చినావా అక్కా," అంది. నేను లైట్లు ఆర్పే నెపంతో లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను.

ఇప్పటికీ జనం తెల్లగా తీయమనే వస్తారు. సరేనంటాను. కెమెరా ఎత్తే ముందు మాత్రం ఒక మాట అడుగుతాను: ఈ మొహంలో పోగూడనిది ఏదన్నా ఉండాదా?