జీపుకు చుట్టిన తడి గోనె

మే నెల. వికారాబాద్ దగ్గర కోట్‌పల్లి ప్రాజెక్టు పక్కన మా క్యాంపులో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. నీడ అంటే రెండు మోదుగ చెట్లు, మూడు టెంట్లు. శిక్షణకు వచ్చిన చిన్న సైనిక దళం, నేను దాని హవల్దారును. సర్వీసంతా మంచులోనూ ఇసుకలోనూ తిప్పి, తాండూరు వాడినైన నన్ను చివరికి ఇంటి పక్కన పడేశారు. ఇది డ్యూటీనో సెలవో మొదటి రోజు నుంచే నాకు అర్థం కాలేదు.

సామాన్లకు ఒక అద్దె జీపు ఇచ్చారు. దాని డ్రైవరు ఖాజాభాయ్‌ది కూడా తాండూరే. నాపరాళ్ళ పాలిష్ మిషన్ల మధ్య పెరిగినవాడు. ఇంజిన్‌కు గాలి అందించే కంపెనీ డబ్బా పీకేసి, బజార్లో కొన్న ఎయిర్ ఫిల్టర్ బిగించుకున్నాడు.

"మస్తు గుంజుతది సార్, సూడున్రి" అన్నాడు.

పొద్దున నిజంగానే గుంజేది. మధ్యాహ్నం అనంతగిరి గుట్ట ఎక్కుడు దగ్గర మొరాయించేది. డీజిల్ మార్చాం, క్లచ్ చూశాం. ఉహూఁ. చివరికి బానెట్ ఎత్తి ఫిల్టర్ గొట్టం పట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. ఇంజిన్ పొగగొట్టం దాని పక్కనే ఉంది. వేడి గాలి పీల్చి బండి ఏం లాగుతుంది, నా మొహం!

వేడి తగలకుండా ఏదైనా చుట్టమన్నాను. ఖాజాభాయ్ కందుల గోనె చించి గొట్టానికి చుట్టి, తాడు బిగించి, నీళ్ళు కుమ్మరించాడు. ఫిల్టర్ మూతికి దుమ్ముగుడ్డ ముందునుంచే ఉంది. అదీ తడిసింది. రాతిదుమ్ములో బతికే మా తాండూరు వాళ్ళకు కూలరుకైనా కుండకైనా గుడ్డ కట్టనిదే తోచదు. అది అక్కడ ఉండడం నాకు వింతగా కనిపించనే లేదు.

గొట్టం చల్లబడింది. బండి ఇంకా నీరసపడింది.

"ఇంక జర నీళ్ళు పోద్దామా సార్?"

"చల్లగనే ఉంది గదా భాయ్?"

"గదే సమజైతలేదు."

నాకూ కాలేదు. అయినా రోజూ పోస్తూనే ఉన్నాం.

ఒక మధ్యాహ్నం మా వైర్‌లెస్ ఆపరేటర్, హిమాచల్ కుర్రాడు, ఎండలో ఏరియల్ సరిచేసి వచ్చి సెట్టు ముందు కూర్చున్నాడు. "మంచు పడుతోంది. గేదెల్ని లోపల కట్టండి. ఓవర్" అన్నాడు. అవతల నుంచి "మళ్ళీ చెప్పు, ఓవర్" అని వచ్చింది. వాడు మళ్ళీ అదే చెప్పాడు. నుదుటి మీద చెయ్యి వేశాను. పెనంలా ఉంది, చెమట చుక్క లేదు. వడదెబ్బ.

ఆర్డరు వెంటనే వచ్చింది: "వికారాబాద్ ఆస్పత్రికి తీసుకెళ్ళండి. దారంతా ఒళ్ళు తడపండి."

వాణ్ణి జీపు వెనక పడుకోబెట్టి నీళ్ళ డబ్బా పట్టుకుని కూర్చున్నాను. ఎక్కుడు మొదట్లోనే జీపు దగ్గి ఆగిపోయింది. ఖాజాభాయ్ బానెట్ ఎత్తి, పరిగెత్తుకొచ్చి చెయ్యి చాచాడు.

"డబ్బా ఇయ్యిన్రి సార్, గోనె మీద పోస్త."

"పాగల్ అయినవా? పిలగాడు కాలిపోతుండు!"

"బండి కదలకుంటే పిలగాడు ఏడికి పోతడు సార్?"

ఆయన అన్నదీ నిజమే, నేనన్నదీ నిజమే. భయమేసింది, ఏడుపొచ్చింది. చివరి చుక్క దాకా పిల్లాడి మీదే పోశాను. ఖాజాభాయ్ తిట్టుకుంటూ సీటెక్కాడు. ఎత్తిన బానెట్ కింద, ఆ వడగాలికి గోనె, గుడ్డ ఈలోపే ఎండిపోయాయి.

జీపు లేచింది. లేవడం కాదు, గుంజింది! ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. నీళ్ళు పోయనందుకు ఎక్కుతోందా? ఒక మలుపు దాటాక ఖాజాభాయ్ గబుక్కున బ్రేకు కొట్టి, దూకి, ఫిల్టర్ మూతికున్న గుడ్డ పీకేశాడు.

"యా అల్లా! గీ గుడ్డను తడిపి తడిపి సార్, మనమే దాని ముక్కు మూసినం!"

తర్వాత ఆగింది ఆస్పత్రి ముందే. పిల్లాడు బతికాడు. ఆ వారమే గోనె విప్పేసి, నూనె డబ్బా రేకు కోసి పొగగొట్టానికీ ఫిల్టర్‌కీ మధ్య అడ్డం బిగించాం. మధ్యాహ్నం కూడా జీపు మామూలుగా ఎక్కింది.

రిటైరై తాండూరు వచ్చేశాను. "బార్డర్ల ఏం సూసినవ్ కాకా?" అని అడుగుతారు. ఏదో ఒకటి చెబుతాను. కళ్ళు మూస్తే మాత్రం నాకు ఆస్పత్రి మంచమే కనిపిస్తుంది. కుర్రాడికి ఇంకా తెలివి రాలేదు. బొటనవేలితో లేని మైకు మీట నొక్కుతున్నాడు, వదులుతున్నాడు, జవాబు కోసం ఆగుతున్నాడు. జవాబు రాక మళ్ళీ నొక్కుతున్నాడు. ఖాజాభాయ్ వంగి, ఆ పిడికిలి తన నోటి దగ్గరికి తీసుకున్నాడు.

"బోలో బేటా," అన్నాడు. "ఇంటున్న."