ఉదయలక్ష్మి కట్టించిన చల్లని పందిరి

ఉదయలక్ష్మి చెడ్డ మనిషి కాదు. నగరి దగ్గర ఆమె ఉండే మరమగ్గాల వీధిలో ఎవరింట్లో కష్టమొచ్చినా పిలవకుండానే వెళ్లి నిలబడే రకం. కానీ తోటికోడలు నందిని పేరెత్తితే చాలు, కళ్లల్లో నిప్పులు పోసుకుంటుంది.

నందిని చేసిన నేరమేమీ లేదు. కాపురానికి వచ్చిన కొత్తలోనే మొగుణ్ణి తీసుకుని పక్క ఊళ్లో వేరు పడింది. అత్తమామలకు వండిపెడుతూ ఉదయలక్ష్మి ఇక్కడే ఉండిపోయింది. అయినా అత్తగారి నోట పొద్దస్తమానం చిన్నకోడలి మాటే. అది చాలదన్నట్టు, ఉదయలక్ష్మి తన కూతురు చదివే బడికి తల్లిదండ్రుల కమిటీ అధ్యక్షురాలైన ఏడాదే నందిని కూడా తన ఊరి బడికి అధ్యక్షురాలైంది. మరి ఒళ్లు మండదా?

రెండు బళ్లకూ సిమెంటు రేకుల కప్పే. ఎండలు ముదిరితే పిల్లలు ఉడికిపోతారు. ఉదయలక్ష్మి కూతురు లోహిత పోయిన వేసవిలో పాఠం వింటూనే కళ్లు తిరిగి పడిపోయింది. అప్పటినుంచీ ఆ తల్లికి ఒకటే పట్టుదల, ఆ రేకులు పోవాలని. ఇంతలో కబురొచ్చింది. సగం ఖర్చు ప్రభుత్వం, సగం సూళ్లూరుపేట వైపున్న ఒక ఫ్యాక్టరీ పెట్టుకుని, ఎండకు వేడెక్కని కప్పుతో కొత్త గదులు కడతారట. ఈ ఏడాదికి ఒక్క బడికే. ముందు ఉదయలక్ష్మి బడినీ, తర్వాత నందిని బడినీ చూడటానికి ఫ్యాక్టరీవాళ్లు వస్తున్నారు.

నందిని బడి తన బడి ముందు వెలవెలబోవాలి. ఉదయలక్ష్మి బుర్రలో ఇదొక్కటే తిరిగింది. వీధంతా తిరిగి మగ్గాల మీద నేసిన తెల్లగుడ్డ తానులు తెచ్చి, పెళ్లిపందిట్లో లాగా రేకుల కింద బిగించి కట్టించింది. రేకుల మీద తడి గోనెలు పరిపించింది. అల్లం, కరివేపాకు వేసి మజ్జిగ చేయించింది.

వచ్చినవాళ్లు చెమట తుడుచుకుంటూ లోపలికి అడుగుపెట్టి, "అబ్బ, ఎంత చల్లగా ఉంది!" అన్నారు. హెడ్మాస్టరు దామోదరం ఏదో చెప్పబోతే ఉదయలక్ష్మి కళ్లతోనే ఆపేసింది.

"మాకేం తక్కువ సార్, పిల్లోళ్లని కండ్లల్లో పెట్టుకోని సూసుకుంటాం" అంది.

నందిని ఏ ఏర్పాటూ చేయలేదు. మిట్టమధ్యాహ్నం రేకుల కింద పిల్లల పక్కనే ఫ్యాక్టరీవాళ్లనూ కూర్చోబెట్టింది. కాసేపటికే తాళలేక బయటికి వచ్చేశారట.

కొత్త గదులు నందిని బడికే వచ్చాయి. ఆ రోజు ఉదయలక్ష్మి అన్నం ముట్టలేదు. "ఏం మాయమాటలు సెప్పిందో, ఎవురికి తెలుసు!" అని వీధంతా చాటింది. చేజేతులా చెడగొట్టుకున్నది తనేనని తెలియక కాదు. తెలిసినందుకే ఇంకా మండింది. లోహితను ఆ బళ్లో చేర్పిద్దామని మొగుడు ప్రతాప్ అంటే గయ్యిమని లేచింది.

గదులు తెరిచే రోజు, పోకపోతే చుట్టాలేమనుకుంటారోనని లోహితను వెంటబెట్టుకుని పోయింది. పోయి గోడలు నిమిరింది, గచ్చు తట్టి చూసింది. ఎక్కడైనా ఒక్క పగులు కనబడితే ప్రాణం కుదుటపడేది. కనబడలేదు. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల లోహిత చల్లటి నేల మీద బోర్లా పడుకుని తన ఈడు పిల్లలతో నవ్వుతోంది.

నందిని మిఠాయి పళ్లెంతో వచ్చింది.

"అక్కా, వచ్చే ఏడాదికి మీ బడి పేరే సెప్పినా. సరే అన్నారు. ఈసారి వాళ్లొస్తే ఏమీ సర్దబాకక్కా. ఉండేది ఉన్నట్టు సూపించు."

నిన్నెవురు అడిగినారు మే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే లోహిత తలెత్తి, "మన బడికి గూడా వస్తాదా అమ్మా?" అని అడిగింది.

ఉదయలక్ష్మి ఆ మాట మింగేసింది.

"రమ్మను మే" అంది.

కప్పు వస్తుంది. లోహిత ఇక కళ్లు తిరిగి పడదు. కానీ ఊరంతా దాన్ని నందిని తెప్పించిన కప్పు అనే అంటుంది. అది అబద్ధమైనా బాగుండేది, తిట్టిపోసేది.