ఎండకు భయపడే పడవ

మా పక్కింటి పడవ మేస్త్రీ మొన్న ఆదివారం పొద్దున పోయాడు. అమీర్‌పేటలో మా ఇళ్లు గోడకు గోడ. ఆయన కోడలు వచ్చి, "బాబాయ్ గారూ, మామయ్య లేవట్లేదండీ" అంది. పోయి చెయ్యి పట్టుకున్నాను. చల్లబడి ఉంది. అప్పటినుంచి నాకు ఏ పనికీ చెయ్యి ఆడడం లేదు.

పంజాగుట్టలో ఆయన వెళ్లే చర్చి ఆవరణలో, రేకుల కింద, దిమ్మెల మీద ఒక చెక్క పడవ ఉంది. మొదట అది సముద్రపు ఓడకు కట్టిన పడవ. ఓడకు ఆపద వస్తే జనం అందులో ఎక్కి ప్రాణం దక్కించుకోవాలి. ఓడ పాతబడ్డాక దీన్ని షికారు పడవగా హుస్సేన్ సాగర్‌కు తెచ్చారు. దాని వెంటే మేస్త్రీ కాకినాడ నుంచి వచ్చాడు. ఒక వానాకాలం నాలా పొంగి మా బస్తీ మునిగితే, నా భార్యనూ నెలల పిల్లనూ కిటికీలోంచి ఆ పడవలోకి అందుకున్నది ఈయనే. తర్వాత ఫైబర్ పడవలొచ్చాయి. దీన్ని కట్టెల కింద కొట్టేస్తామంటే పాస్టరు గారిని బతిమాలి చర్చికి తెచ్చుకున్నాడు.

ఎండాకాలమంతా రెండు పూటలా గోనెసంచులు తడిపి దానిమీద కప్పేవాడు. "ఏం మేస్త్రీ, మాకే తాగ నీళ్లు లెవ్వు, దానికి స్నానమా?" అనేవాణ్ణి.

ఒకసారి ఊరికి పోతూ ఆ పని నాకు చెప్పాడు. నేను నలభై ఏళ్లు తలుపులు చేసినవాణ్ణి. పోయి చూస్తే పలకల మధ్య గోరు దూరేంత సందులు. సంచులు పక్కన పడేసి, సందుల్లో టేకు బద్దలు దిగ్గొట్టి, చిత్రిక పట్టి నున్నగా చేశాను. వానలు పడ్డాయి. చెక్క ఉబ్బింది, ఉబ్బడానికి చోటు లేదు. ఒక పలక నిలువునా చీలింది.

మేస్త్రీ వచ్చి చీలిక తడిమాడు. "ఏంటయ్యా ఇది? దాహంతో ఉన్నదాని నోట్లో గుడ్డలు కుక్కావు."

"నాకు పని నేర్పుతవా? పంజాగుట్టల సగం తలుపులు నావే."

"నీ తలుపు నీళ్లకి భయపడుద్ది. పడవ ఎండకి భయపడుద్ది. నీళ్లు తాగితే సందు అదే మూసుకుంటది, చోటు వదిలితే చాలు. కొత్త పలక వేద్దాం, ఆ చివర పట్టుకో."

నా బద్దలన్నీ పీకి పలక మార్చేదాకా నెల రోజులు పట్టుకున్నాను. చర్చిలో ఎవరడిగినా మేస్త్రీ "ముసలి చెక్క, చీలింది" అన్నాడే గాని నా పేరు ఎత్తలేదు. ఇప్పుడు నేనే చెబుతున్నాను. చీల్చింది నేను.

ఆయన మంచాన పడ్డ నెలలో నా మోకాళ్లు సహకరించక నేనూ పోలేదు. పడవ ఎండిపోయింది. సమాధి దగ్గర నుంచి తిరిగి వస్తుంటే చర్చి కమిటీ ఆయన, "ఇంకెవరు చూస్తరు తాతా? మన్ను పోసి పూలచెట్లు పెడ్తం, మంచిగుంటది" అన్నాడు.

"పడవల మన్ను పోస్తవా? ముందుగాల నా మీద పొయ్యి."

"గరం కాకు తాతా. వానల దాక ఆగుతం. కారకుండ నీళ్లు ఆపిందా, ఉంచుతం. లేకుంటె పూలే."

నిన్న పైపు పెట్టి పడవ నింపాను. గంటలో అంతా కారిపోయింది. ఇవాళ మళ్లీ నింపి, స్టూలు వేసుకుని, అడుగున సందు కింద అరచెయ్యి పెట్టి కూర్చున్నాను. నిన్న ధార. ఇవాళ ఒక చుక్క పడి, ఆగి, చాలాసేపటికి ఇంకొకటి. చెయ్యి లాగేస్తోంది, అయినా తీయబుద్ధి కావడం లేదు.