పిట్టలు తిన్న బీరు తోడు

తప్పు నాదే. ముందుగానే ఒప్పేసుకుంటున్నాను. ఈ కథ మా ఆవిడ చెబితే నన్ను ఇంతకంటే చులకన చేసి చెబుతుంది.

మా ఆవిడ సిన్నోవె మా లోయలో బడి బస్సు నడుపుతుంది. మోకాలి లోతు మంచు పడినా ఒక్క నిమిషం ఆలస్యం కానివ్వదు. ఇక బీరు కాచడంలో కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన ఈ సముద్రపు పాయ, ఫియోర్డు పొడుగునా ఆమెకు సాటి లేరు. యూల్ పండక్కి, అంటే క్రిస్మస్‌కి, మాకు ఇంటి బీరే ఉండాలి. డిసెంబరు ఇరవై ఒకటిన, ఏడాదికల్లా పొట్టి పగలు ఉన్న రోజున, ఇరుగుపొరుగు ఇంటింటికీ తిరిగి రుచి చూస్తారు. ఆ రోజుకి పీపా సిద్ధం కాని ఇల్లు మళ్లీ యూల్ దాకా మాటలు పడాల్సిందే.

పద్దెనిమిదో తారీకు పొద్దున్నే రాగి డేగిసా కింద మంట పెట్టాం. బీరు నీళ్లలో వేసిన జూనిపర్ చెట్టు కొమ్మలు మరిగిన వాసన ఇల్లంతా నిండిపోయింది. పండగ వచ్చేసిందని నాకు చిన్నపిల్లాడిలా ఒకటే హుషారు. పిట్టల కోసం ఓట్స్ కంకుల కట్ట వరండా స్తంభానికి కట్టాను. పక్కన బల్ల మీద, కాగితంలో ఏవో గోధుమరంగు పెచ్చులు కనిపించాయి. పండగ ఆనవాయితీగా ఏడు రకాల బిస్కెట్లు చేసిన వారం కదా, వాటి పొడి అనుకున్నాను. పిట్టలకీ పండగే కదా అని మంచు మీద చల్లేశాను. అవి కాసేపట్లో ఊడ్చిపెట్టేశాయి.

"ఇక్కడ పెట్టిన కాగితం ఏదయ్యా?" అంది సిన్నోవె.

"అందులోది పిట్టలకి వేశాను."

"మొత్తమా?"

"కాగితం ఉంది" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

అది బీరు పులియడానికి వేసే తోడు. సిన్నోవె అమ్మమ్మ నాటి నుంచీ ప్రతి కాపులోనూ కాస్త తీసి, ఎండబెట్టి, అటక మీద దాచుకుంటూ వచ్చిన తోడు. అప్పుడే కిందికి దించి పెట్టింది. సిన్నోవె కట్టెల మీద కూలబడిపోయింది. డేగిసాలో కాగిన మాల్టు కషాయం, మొలకెత్తిన బార్లీ రసం, ఆగదు. మధ్యాహ్నానికి నులివెచ్చగా చల్లారుతుంది, అప్పుడు తోడు పడకపోతే పాడైపోతుంది.

"కొట్లోది తెస్తాను" అన్నాను.

"కొట్టు తోడేశామంటే మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి నిన్ను తంతుంది. నేను నిన్ను కదలకుండా పట్టుకుంటాను."

నాలుగిళ్లకు ఫోన్ చేసింది. ఒకప్పుడు ఈమె ఇచ్చిన తోడే వాళ్లది. అందరూ పారేసి కొట్టుదానికి మారిపోయారట. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు సిగ్గేసింది. అప్పుడు చెప్పక తప్పలేదు.

"రన్‌వైగ్ బీరు అచ్చం మన బీరులాగే ఉంటుంది."

"నీకెలా తెలుసు?"

"ఏటా వెళ్లి తాగొస్తున్నాగా."

ఒక్క పూటలో రెండు నేరాలు. కానీ ఆమెకు నన్ను తిట్టే తీరిక లేదు.

రన్‌వైగ్ వాగు అవతలి ఇంటావిడ. పదిహేనేళ్ల కిందట బెర్గెన్ పట్నం నుంచి కొత్త కోడలిగా వచ్చి, మొదటి యూల్‌కి మా ఇంటికి తోడు అడగడానికొచ్చింది. మా లోయలో గొడ్డలి లేదనొచ్చు, గుర్రం ఇవ్వననొచ్చు, తోడు మాత్రం లేదనకూడదు. సిన్నోవె లేదంది. "పట్నం చేతుల్లో చచ్చిపోతుంది" అని కూడా అంది. అప్పటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు, రుచి చూసే రోజున కూడా ఈమె ఆ గడప తొక్కదు.

ఇప్పుడు తొక్కింది, వెనకే నేను. బస్సు నిండా ఉన్న పిల్లల్ని ఒక్క అరుపుతో కూర్చోబెట్టే మనిషి మెల్లగా అడిగింది.

"నాకు తోడు కావాలి, రన్‌వైగ్."

రన్‌వైగ్ నేలమాళిగలోకి దిగి ఓ సీసా తెచ్చింది. దాని మీద చీటీని సిన్నోవె వేలితో తడిమింది. ఆరేళ్ల కిందట పోయిన మా అత్తగారి చేతిరాత.

"నువ్వు లేదన్న రోజు సాయంత్రమే మీ అమ్మ తెచ్చిచ్చింది. 'మా అమ్మాయి ఎప్పుడో ఒకప్పుడు అడుగుతుంది, అందాకా బతికించు. నువ్వుగా చెప్పకు' అంది."

"పదిహేనేళ్లు బతికించావా?"

"ఏటా కాచాను. ఈ పట్నం చేతులతోనే."

సిన్నోవె ఏడ్చింది, మధ్యలో నవ్వింది కూడా. "ఆ రోజు అలా అనాల్సింది కాదు నేను" అంది. తర్వాత రన్‌వైగ్ చెయ్యి పట్టుకుని మా ఇంటికి లాక్కొచ్చింది, కషాయం చల్లారిపోతోందని.

మా లోయ ఆచారం ప్రకారం తోడు వేసేటప్పుడు గొంతు చించుకుని అరవాలి, అరుపు ఎంత గట్టిదైతే బీరు అంత గట్టిదవుతుంది. కషాయం పోసిన తొట్టి మీదికి వంగి ఇద్దరూ కలిసి అరిచారు. మా తోడు తిన్న పిట్టలన్నీ కంకుల కట్ట మీంచి ఎగిరిపోయాయి. ఆగలేక నేనూ అరిచాను.

ఇరవై ఒకటిన మా పీపా సిద్ధంగా ఉంది. అయినా సిన్నోవె అందరికంటే ముందు వాగు దాటి రన్‌వైగ్ ఇంటికెళ్లింది. చెక్కగిన్నె రెండు చేతులతో ఎత్తి అడుగుదాకా తాగింది.

"ఇది మా అమ్మ బీరు" అంది.

"నాది" అంది రన్‌వైగ్.

సిన్నోవె ఆమె చేతుల వంక చూసింది. "నీదే" అని గిన్నె మళ్లీ చాపింది.